జర్మనీ సరుకు

గంగమణి చేతులు ఆగడం లేదు. ఎడమ చేత్తో పసుపు కుప్పను విడదీస్తూ, కుడి చేత్తో పొడుగు కొమ్ములను గంపలోకి, గుండ్రటి మండలను పక్కకు విసురుతోంది. గోళ్ల సందుల నుంచి మోచేతుల దాకా రంగెక్కిన చేతులవి. ఎంత తోమినా వదలదు.

ఆర్మూర్ మార్కెట్ వెనకాల ఉన్న ఆ షెడ్డులో పొద్దున్నుంచి ఎవరూ నవ్వలేదు. జర్మనీకి పోవాల్సిన బస్తాలు గోడవారన అలాగే ఉన్నాయి. లారీ రాలేదు. షెడ్డు యజమాని భూమేశ్వర్ ఫోన్ చెవికి ఆనించుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఎదురుగా కూర్చున్న రత్నవ్వ దగ్గును మింగుతోంది. వచ్చినప్పుడల్లా పెదాలు బిగించి, మెడ నరాలు ఉబ్బేదాకా ఆపుకుని, మళ్లీ ఏరుతోంది. ఏళ్ల తరబడి ఒకే కుప్పకు అటొకరు ఇటొకరు కూర్చున్న మనుషులు. ఆ దగ్గు ఇవాళ ఎవరి చెవినా పడకూడదని ఆమె తాపత్రయమని గంగమణికి తెలుసు.

సద్దులు విప్పకముందే భూమేశ్వర్ లోపలికొచ్చాడు.

"ఆర్డర్ బందైంది. సరుకు మంచిగనే ఉన్నదంట. గా దేశమోళ్లే అన్నీ తక్కువ కొనుక్కుందామనుకున్నరు. పసుపు గోలీలు గిట్ల అక్కెర లేదంట. ఫ్యాక్టరీలు తగ్గాలె, పొగ తగ్గాలె, ఎండలు తగ్గాలె అంటున్నరు."

"మల్ల మా సంగతి?" రత్నవ్వ గొంతు గరగరలాడింది.

"ఇక్కడి సరుకుకు కుప్పకొక్కరు చాలు. ఎవరుంటరో మీరే అనుకోండ్రి."

ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

గంగమణికి తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఆమె భర్త అంజన్న మొన్నటి ఎండాకాలం వేల్పూర్ కల్లంలో పసుపు ఎండబోస్తూ వడదెబ్బకు పడిపోయాడు. దవాఖాన చేరేలోపే ప్రాణం పోయింది. ఎండలు తగ్గాలంటే వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. కానీ తగ్గేదాకా తినేదేమిటి?

ఇద్దరి చేతులూ ఇందాకటికంటే వడివడిగా కదిలాయి. గంగమణి గంప ముందు నిండింది. ఉండేది తానే అన్నట్టు దాన్ని ఎత్తి గట్టిగా కుదేసింది. అప్పుడిక రత్నవ్వకు దగ్గు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు కారుతున్నా, తడుముకుంటూ ఏరుతూనే ఉంది.

గంగమణి చేతులు ఆగాయి.

"నువ్వుండు రత్నవ్వా. నేను మల్ల బీడీలు చుట్టుకుంట."

"బీడీల పని మాత్రం ఏడున్నది అక్కా?"

"దొరికినకాడికి చేస్త. నీకు తంబాకు ఘాటు పడది. జర నీళ్లు తాగు."

మోకాళ్ల మీద చేతులూని లేచింది. చీర దులుపుకుని, భూమేశ్వర్ ఎదురుపడకుండా పక్క సందులోంచి వెళ్లిపోయింది. రత్నవ్వ తలెత్తి చూడలేకపోయింది.

తలుపు పక్క మేకుకు, జర్మనీ సరుకులో వెంట్రుకలు పడకూడదని ఆడవాళ్లకు ఇచ్చిన జాలీ టోపీల్లో గంగమణిది మిగిలింది. దాని అంచుకు, పసుపంటిన నెరసిన వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది.