రాళ్ల మీది మనిషి

అర్జునరావు నా కళ్లలోకి చూడడు. మొదటి రోజే అతని ఫైలులో ఆ మాట రాసుకున్నాను. ఆరు వారాల తరవాత కూడా నా ఎడమ చెవి పక్కనుంచి వెనక గోడను చూస్తూనే మాట్లాడుతున్నాడు. సిగ్గు అనుకున్నాను, ఏదో దాస్తున్నాడనీ అనుకున్నాను. మనుషుల మనసులు వినడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. ఈ మధ్య ఊహలు నా ప్రమేయం లేకుండానే వచ్చేస్తున్నాయి.

అతను గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. షెడ్డు పైకప్పు కింద కేబిన్‌లో కూర్చుని పంతొమ్మిదేళ్లు ఇనుప కడ్డీల కట్టలు ఎత్తి దించాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. మార్చిలో ఒక రోజు అతని చెయ్యి లీవరు మీద ఆగిపోయింది. కింద సిగ్నలిచ్చే జగ్గారావు ఈల వేశాడు. ఖాళీ నేల. అయినా చెయ్యి కదల్లేదు. మర్నాడూ అంతే. ఫ్యాక్టరీవాళ్లు అతన్ని నా దగ్గరికి పంపారు.

ఈ రోజు నేను ‘పనికి తగును’ అని రాస్తే సోమవారం పైకి ఎక్కుతాడు. రాయకపోతే స్టోర్సులో పని, క్రేన్ ఇంకొకరిది. అతనికి క్రేన్ కావాలి.

మద్దిలపాలెం డిపోలో బస్సుల హారన్లు కిటికీలోంచి వస్తున్నాయి. ఉక్కగా ఉంది. అతను ఈ రోజు నా దగ్గరికి వచ్చిన ఏడో మనిషి. నిద్ర పడుతోందా అంటే పడతందండి అన్నాడు. చెయ్యి వణుకుతోందా అంటే లేదండి అన్నాడు. పెన్ను మూత తీశాను. ఇంకో ప్రశ్న అడిగే ఓపిక లేదు నాకు.

“మేడం, ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడండి.”

“ఏ మనిషి?”

“మీ ఎనకాల. బొమ్మలో.”

నా వెనక ఒక అచ్చు బొమ్మ ఉంది. తుఫాను, సముద్రం, రాళ్లు. ఎవరో ఫ్రెంచి చిత్రకారుడు రాగి రేకు మీద సూదితో గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో తినిపించి అచ్చు తీసిన బొమ్మని పాతపట్నంలో ఫ్రేములు కట్టే దావూద్ చెప్పాడు. అతని దగ్గరే పదకొండేళ్ల కిందట కొన్నాను. మేకు ఆ గోడకే ఉంది కాబట్టి అక్కడ తగిలించాను. నా కుర్చీలో కూర్చుంటే అది కనిపించదు.

“అందులో మనిషి లేడు,” అన్నాను.

“నా కుర్సీలోకి రండి. నల్ల రాయి కింద, రాళ్ల మీద, నురగ పక్కన.”

వెళ్లి కూర్చున్నాను. కాసేపు గీతలే కనిపించాయి. తరవాత మనిషి. గోరంత కూడా లేడు. కొండ అంచు మీదినుంచి కిందికి చూస్తున్నట్టు ఉంది బొమ్మ.

“పైనుంచి సూత్తే మనుషులు ఇలాగే ఉంటారండి,” అన్నాడు. “కిందోడు పక్కకి తప్పుకుంటేగాని లోడు కదపకూడదు. ఆరు వారాలై సూత్తన్నాను. తప్పుకోడు.”

“అది బొమ్మ కదా, అర్జునరావుగారూ.”

“నాకు తెల్దేటండి.” నవ్వాడు. “జగ్గారావూ అదే అంటాడు. ‘ఏటి బావా, పైన కునుకేత్తన్నావా, కింద ఈగ కూడా లేదు’ అంటాడు. అందరూ నవ్వుతారు. ఖాళీ నేలేనండి. నాకు మాత్రం ఎవుడో ఉన్నట్టే ఉంటాది.”

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“సెప్తే మీరు రాయరు కదండి.”

“మరి ఇప్పుడెందుకు చెప్పారు?”

“మీరు రాసేత్తన్నారు.”

అప్పుడు నా ముఖంలోకి చూశాడు. ముందుగా కళ్లు తిప్పుకున్నది నేనే.

అతని కుర్చీలోనే కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టి, కింద పని ఇవ్వమని రాశాను. చదివి వినిపించాను.

“అయితే కేబిన్ పోయినట్టేనండి.”

“పోయినట్టే.”

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి బొమ్మను ఒకసారి చూసి, మెట్లు దిగాడు.

ఫైలు తెరిచి మొదటి రోజు రాసిన మాట కొట్టేశాను. ఆ చోటు ఖాళీగా వదిలేశాను. బయట పేర్లు పిలిచే హేమశ్రీ తలుపు కొంచెం తీసి, ఎనిమిదో మనిషిని పంపనా మేడం అంది. కాసేపు ఆగమన్నాను.

బొమ్మలో ఆ మనిషి రాయి కింద నిలబడే ఉన్నాడు.