సైప్రస్‌లో గంట మారింది

అక్టోబరు చివరి ఆదివారం మధ్యాహ్నం అరబ్బు దేశంలోని బర్కాలో, బిల్డింగు సైటులో అందరూ తిండికి కూర్చున్నారు. లింబాద్రి మాత్రం ఫోను పట్టుకుని గోడచాటున నిలబడ్డాడు. రోజూ ఆ వేళకు భార్య రజిత ఫోను చేస్తుంది. వేసవిలో సైప్రస్ వెళ్లి, అక్కడ ముసలివాళ్ల ఆశ్రమంలో పనికి కుదిరింది. సాయంత్రం ఇంకో ఇంట్లో పని. అది ముగిసేసరికి ఇతడు నిద్రలో ఉంటాడు. ఇద్దరి తిండివేళలూ కలిసే ఆ ఒక్క గంటే వాళ్లకు మిగిలింది.

ఆ రోజు ఫోను రాలేదు. తను చేస్తే ఎత్తలేదు. మళ్లీ డ్యూటీలో దిగి ఇనుప చువ్వలు కడుతుంటే జేబులో మోగింది. ఫోర్‌మన్ ఉమర్ ఎదురుగానే ఉన్నాడు. మోగి మోగి ఆగిపోయింది. సోమవారమూ అదే వరస. లింబాద్రి పరాకుగా, కట్టిన చువ్వలే మళ్లీ కట్టాడు.

రూములో పక్క మంచం షరీఫ్‌ది. కడప మనిషి. సంగతి విని చెప్పాడు.

"చలికాలం వస్తే ఆడ గడియారం గంట వెనక్కి తిప్పుతారన్నా. మనకీడ ఆ పద్ధతి లేదు గదా, అందుకే ఆయమ్మ తిండివేళ మనకు గంట ఆలస్యంగా వస్తాది."

"మల్ల ఎప్పుడు కలుస్తది?"

"మార్చి ఆఖర్న. ఈ తిప్పేదే మానుకోవల్లని యూరప్‌లో ఎన్నో ఏండ్లుగా అంటాండారు. ఎండాకాలం టైము ఉంచల్లనా, చలికాలందా అనేది తెగలే."

"ఎండాకాలందే ఉంచాలె," అన్నాడు లింబాద్రి, అక్కడెవరో తననే అడిగినట్టు.

వారమంతా అదే ధ్యాస. టీ తాగుతూ ఫోనులో వెతికితే పాత వార్తలే వచ్చాయి.

శుక్రవారం సెలవు. షరీఫ్ నమాజుకు, మిగతావాళ్లు బజారుకు వెళ్లారు. ఖాళీ రూములో రజిత గొంతు వినగానే లింబాద్రి మంచీచెడూ అడక్కుండా మొదలుపెట్టాడు.

"గంట తిప్పుడు బందువెడ్తరట గదా. ఎండాకాలం టైమే ఉంచాలెనని దేవునికి మొక్కిన."

"గట్ల మొక్కకు," అంది.

"ఎందుకే?"

"ఆ టైమయితే పొద్దుగాల చీకటుంటది. బస్సుకు ఒక్కదాన్నే నడిచిపోవాలె. పోయిన వారం ఒకడు నా పక్కపొంటి కారు మెల్లగ నడిపిచ్చిండు. బస్టాపు దాక ఉరికిన. గంట మార్చినంక వెలుగున్నది. పానం నిమ్మలమయింది."

"నాకెందుకు చెప్పలే?"

"ఉన్న ఒక్క గంటల గదెందుకని."

ఆమె ఫోను పెట్టేశాక లింబాద్రి మంచం మీద కుదురుగా కూర్చోలేకపోయాడు. తను మొక్కింది ఆ చీకటి కోసమేనని తెలిసింది.

మర్నాడు ఉమర్ దగ్గరికి వెళ్లి, తన తిండివేళ మార్చమని హిందీలో అడిగాడు. కుదరదన్నాడు ఉమర్. లింబాద్రి కదల్లేదు. కొత్తగా పోసిన స్లాబు తిండి గంటలో నీళ్లు లేక ఎండుతోందనీ, అందరూ తినేటప్పుడు తను తడుపుతాననీ, వాళ్లు పనికి లేచాక తింటాననీ చెప్పాడు. ఉమర్ స్లాబు వైపు ఒకసారి చూసి సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆకలితో పైపు పట్టుకుని నిలబడ్డాడు. అందరూ లేచి వచ్చాక ఫోను మోగింది.

"ఇయ్యాల వెలుగుండెనా?" అన్నాడు ముందుగా.

"ఉండె. పక్క గల్లీల నేపాల్ పిల్ల కూడ అదే బస్సుకు వస్తదట. రేపటిసంది ఇద్దరం కలిసి పోతం."

"పో. ఒక్కదానివి పోకు."

మాట్లాడుతూనే అతడి చూపు పక్క బిల్డింగు మీదికి పోయింది. ఈ స్లాబు తడపడం ఇంకెన్నాళ్లో ఉండదు, అది అయిపోతే ఈ గంటా పోతుంది. అక్కడి స్లాబు ఎప్పుడు పోస్తారో సాయంత్రంలోగా కనుక్కోవాలనుకున్నాడు.