తూము నోటికి చిన్న కన్ను

నేను ఒక వలను. కాస్త సాగదీస్తే వలపు అవుతాను గానీ, నా మీద ఎవరికీ అది లేదు. చేపలు పట్టేవాళ్లు వల గడిని కన్ను అంటారు. నాకు వేల కళ్లు, అన్నీ చిన్నవే, అన్నీ అనుమానంగా చూసేవే. ఏదో మిల్లులో నైలాన్ దారంతో పుట్టి, చెరువు గుత్త పట్టిన ఒక ఆసామి చేతిలో పడ్డాను. ఆయన నాతో తల్లి చేపనూ పిల్లనూ ఒకే గంపలోకి ఎత్తాడు. కొన్నాళ్లకు చెరువులో కొర్రమీను కనబడటం మానేసింది. "చేపలెటు పోయినయో" అని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే. మనుషుల్ని నేను నమ్మడం మానేసింది అక్కడే.

గుత్త ముగిసి ఆయన నన్ను పారేసి పోతే ఆ ఊరి బుచ్చవ్వ ఏరుకుంది. చెరువు మత్స్య సంఘం చేతికొచ్చాక సంఘం పెద్ద సాయిలు చిన్న కన్ను వలలన్నీ కట్ట మీద కుప్పేసి కాలబెట్టించాడు. బుచ్చవ్వ నన్ను కట్టెల కింద దాచింది. మొగుడు పోయాక సంఘంలో ఆయన సభ్యత్వం ఆమెకొచ్చింది. ఆమె బతుకంతా దాని మీదే. అలాంటి మనిషి నన్నెందుకు దాచినట్టు? మంచికి మాత్రం కాదనుకున్నాను.

తొలకరి పడితే చేపలు గుడ్లు పెడతాయి. అప్పుడు ఊళ్లో వలలన్నీ సంఘం రేకుల షెడ్డులో దండెం మీద వేలాడాలన్నది కట్టుబాటు. పొద్దున్నే సాయిలు ఒక్కోదాన్ని పిసికి చూస్తాడు. పొడిగా ఉంటే దొర, తడిగా ఉంటే దొంగ.

ఒక పొద్దున అతను బుచ్చవ్వ ఇంటి గోడ మీద నన్ను చూశాడు. నీళ్లు కారుతున్నాను. కళ్ల నిండా నాచు.

"తడి ఆరకముందే దొరికినవ్ వదినె," అన్నాడు.

సంఘం వాళ్లంతా పోగయ్యారు. "కొర్రమీను మళ్లొచ్చిందంటే ఏడికొచ్చిందో అనుకున్న. ఈమె కూరకుండలకే వచ్చింది," అన్నాడొకడు.

"పేరు కొట్టేస్తం. రేపటి సంది చెరువుల కాలు పెట్టకు," అన్నాడు సాయిలు.

అనుమానంలోనే మానం ఉంది. ముందు పోయేదీ అదే.

బుచ్చవ్వ నన్ను భుజాన వేసుకుంది. "కొట్టెయ్యిండ్రి. తూము ఎత్తే యాళైంది, ముందుగాల నా ఎంట నడువుండ్రి."

నడుము లోతు నీళ్లలో దిగి నన్ను తూము నోటికి అడ్డంగా కట్టింది. తూము ఎత్తగానే నీళ్లు పొలాల వైపు గుంజాయి. ఆ గుంజుడుకు కొర్రమీను పిల్లల ఎర్రటి గుంపు కొట్టుకొచ్చి నా దగ్గర ఆగింది. ఒక్కటీ దాటలేదు.

"పోయినేడు ఇవన్ని పొలంల పడి ఎండి సచ్చినయి. మీ పెద్ద కన్ను వల కడితే దాంట్లకెళ్లి జారిపోతయి. అందుకే ఈయేడు తూము ఎత్తినప్పుడల్లా దీన్ని కడుతున్న," అంది.

"మరి జెప్పకపోతివి?" అన్నాడు సాయిలు.

"ముందు కాలబెట్టి తర్వాత అడిగెటోళ్లు మీరు. చెప్తే తూముకు బూడిద కడుదునా?"

ఎవరో నవ్వారు. సాయిలు నవ్వలేదు. నీళ్లలో దిగి, వదులైన నా కొస ముడి బిగించాడు. "పేరు ఉండనియ్యిండ్రి," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. అలా ఊరందరికీ సంగతి తెలిసింది.

తెలియనిది తల్లి చేపకే. పిల్లల్ని నేనే పట్టుకున్నానని రోజూ వచ్చి నన్ను తలతో గుద్దుతోంది. ఆమెకు చెప్పేవాళ్లు లేరు. చెప్పినా నమ్మొద్దనే అంటాను. కట్ట మీద నిలబడి సాయిలు పిల్లల్ని ఎంతో ముద్దుగా చూస్తున్నాడు, చూస్తూ చూస్తూ పెరిగాక ఏది ఎంత తూగుతుందోనని పెదాలు తడుపుకుంటున్నాడు.