తాడు అవతలి కొస

ఇప్పుడు మా సబ్తాంగ్ దీవిలో చాలామందివి సిమెంటు కప్పులే. తుఫాను వస్తుందంటే కిటికీ రెక్కలు బిగించుకుని ఎవరి కొంపలో వాళ్లు కూర్చుంటారు. పక్కింటివాడు ఉన్నాడో పోయాడో ఎవడికీ పట్టదు. నాకు ఒళ్లు మండిపోతుంది.

నా పదో ఏట మాది గడ్డి కప్పు. గాలివానకు ముందు కప్పు మీదుగా తాళ్లు వేసి, గోడల్లోంచి పొడుచుకొచ్చిన రాళ్లకు బిగించాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఇటునుంచి నాన్న తాడు విసిరి "పట్టుకున్నావా?" అనేవాడు. అటునుంచి పక్కింటి సిప్రియానో పెదనాన్న "పట్టుకున్నా, లాగు" అనేవాడు. మా ఇల్లు అయ్యాక ఆయన ఇల్లు.

ఆ ఏడు మా దూడ పెదనాన్న పెండలం తీగలు మేసింది. మాటా మాటా పెరిగి అన్నదమ్ములకు మాటల్లేకుండా పోయాయి. తుఫాను కబురు వచ్చినా ఇద్దరూ బెట్టు దిగలేదు. నాన్న ఒక్కడే అటూ ఇటూ పరుగెత్తి కట్టాడు. దక్షిణం వైపు తాళ్లు వదులుగానే ఉండిపోయాయి.

తెల్లవారుతూనే ఉత్తరపు గాలి విరుచుకుపడింది. వాన అడ్డంగా కొట్టింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగి ఎండ కాసింది. తుఫాను కన్ను మా నెత్తిమీదికి వచ్చిందన్నమాట. అరగంటలో గాలి దక్షిణం నుంచి తిరగబడుతుంది, ఆ వదులు తాళ్లతో కప్పు నిలవదు. లోపల నెలల బిడ్డ మా తమ్ముడు. అమ్మ వాణ్ని పొదువుకుని ఏడుస్తోంది.

నాన్న బయటికి ఉరికి, కంగారులో పాత అలవాటు కొద్దీ తాడు కప్పు మీదుగా విసిరి "పట్టుకున్నావా?" అని కేక వేశాడు. అవతల ఎవరూ లేరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి కొయ్యబారిపోయాడు.

"పట్టుకున్నాలేరా. లాగు."

పెదనాన్న గొంతు. నాన్న ఏడుస్తూనే లాగాడు. చివరి ముడి పడేసరికి గాలి తిరిగింది. పెద్దమ్మను కూడా లాక్కొచ్చి అందరం మా ఇంట్లో దూరాం.

"మరి నీ కప్పుకు తాళ్లు కట్టుకున్నావా అన్నా?" అన్నాడు నాన్న.

"ఎట్లా కడతానురా? నా తాడు అవతల నువ్వు లేవుగా."

సాయంత్రానికి ఆయన కప్పు సముద్రంలో కలిసింది. కొత్త గడ్డి కోతకొచ్చేదాకా మా ఇంట్లోనే ఉన్నారు, రోజూ దూడను తిట్టిపోస్తూ. నా బతుకులో అంత సందడి మళ్లీ లేదు.

అన్నదమ్ములిద్దరూ పోయారు. మొన్నటి గాలివానకు మా సిమెంటు కప్పు చెక్కుచెదరలేదు. అయినా ఆ హోరులో అవతలి గొంతు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను.