రంగు పట్టిన బొగ్గు

నేను ఒక పిడికెడు బొగ్గును. మొహం అలా పెట్టకండి. నన్ను ముట్టుకుంటే మీ చేయి నల్లబడే మాట నిజమే కానీ, నేను చెప్పబోయేది నీళ్ళు తేటపడిన కథ.

అంతకుముందు నేను తాటి టెంకను. నన్ను మట్టిలో పాతి, మొలిచిన తేగను లాక్కుని, ఆపైన కత్తితో రెండుగా చీల్చి లోపలి గుంజు తినేశారు. తియ్యగా ఉందని మెచ్చుకుంటూనే రోడ్డు వారకు విసిరేశారు. మనుషులంతే, లోపలిది దక్కాక పైదాని ఊసెత్తరు.

అక్కణ్ణుంచి నన్ను గోనెలో ఎత్తుకొచ్చింది హిమబిందు. డిగ్రీలో రసాయనశాస్త్రం చదివిన పిల్ల. ఇంటి పక్క షెడ్డులో నూలుకు రంగులు అద్దే చౌడమ్మకు కోడలు. చౌడమ్మ ఏ నూలునూ ఊరికే మెచ్చుకోదు. ఆరిన నూలు చిలపను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి, ఎన్ని ఉతుకులకైనా రంగు వదలదని తోస్తే "బాగా పట్టింది" అంటుంది. అంతకు మించిన పొగడ్త ఆవిడ దగ్గర లేదు.

పట్టని రంగు మాత్రం నీళ్ళతోపాటు షెడ్డు దాటి, పక్కింటి కాశింబీ గోడవారన గుంటలో ఇంకేది. ఇంకి ఇంకి, ఒక ఎండాకాలం కాశింబీ తన బావినీళ్ళతో వండిన అన్నం గులాబీ రంగులో దిగింది.

కాశింబీ పోట్లాడలేదు. అదే చౌడమ్మకు మింగుడు పడలేదు. ఏళ్ళ తరబడి ఆ గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. ఇప్పుడు కాశింబీ బిందె చంకనెత్తుకుని వీధి చివరి కుళాయికి పోతూ, షెడ్డు ముందుకు రాగానే తల తిప్పుకునేది. షెడ్డు మూస్తే తిండి లేదు, మూయకపోతే కాశింబీ లేదు. టెంకలు కాల్చిన బొగ్గుతో ఆ రంగునీళ్ళను వడకడతానంది హిమబిందు.

"మసి పోసి నీళ్ళు బాగుచేస్తావా అమ్మాయ్?" అని కోడల్ని మొదట్లో ఎగతాళి చేసింది చౌడమ్మ.

"చూద్దాం అత్తయ్యా, పోయేదేముంది," అంది హిమబిందు.

పోయేదేముందో నన్నడగాల్సింది. గాలి చొరని డ్రమ్ములో నన్ను కాల్చింది. కణకణలాడుతుండగా ఆవిరి పట్టించింది. చల్లారాక చూసుకుంటే ఒళ్ళంతా కంటికానని చిన్న చిన్న గదులు. ఇంత ఒంట్లో ఇంత చోటెక్కడిదా అని నాకే ఆశ్చర్యమేసింది. తర్వాత నన్ను కడిగి, ఇసుక మీద మందంగా పరిచి, పైనుంచి రంగునీళ్ళు వదిలింది. రంగు వచ్చి నా గదుల్లో చేరి కూచుంది. పాపం, దాన్ని మాత్రం రమ్మన్నదెవరు? అందరూ వద్దని తోసేసేవాళ్ళే. నాకు దాని మీద జాలే కలిగింది.

కింది గొట్టంలోంచి నీళ్ళు తేటగా పడ్డాయి. చౌడమ్మ చూసి గుండెలు బాదుకుంది.

"తొట్లో రంగు కలపడం మర్చిపోయానే! నూలంతా పాడైపోయుంటది," అంటూ పరుగెత్తింది.

తీరా చూస్తే నూలు నిక్షేపంగా గులాబీ రంగులోనే ఉంది. అప్పుడు గానీ ఆవిడ నా వైపు తిరగలేదు.

నా గదులన్నీ నిండాక నన్ను తీసి గోనెకెత్తి, నా చోట కొత్త బొగ్గు పోశారు. గోడ పక్కనే పడి ఉన్నాను. వానలు పడ్డాయి. కాశింబీ బావి తోడించింది. మళ్ళీ ఊరింది.

ఒక మధ్యాహ్నం ఆ గోడ మీదుగా గిన్నె వచ్చింది. అందులో కూర లేదు, ఉత్త అన్నం.

"మా బావినీళ్ళతోనే వండానక్కా. చూడు," అంది కాశింబీ.

అన్నం తెల్లగా ఉంది. చౌడమ్మ నా పక్కనే చతికిలబడి, ఉప్పయినా అడక్కుండా మెతుకు మిగల్చకుండా తింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. చేయి కడుక్కుని, గోనెలోంచి నన్ను అరచేతిలోకి తీసుకుని, వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది. నేను నల్లగానే ఉన్నాను.

"దీనికి బాగా పట్టింది, కాశింబీ," అంది.

రేపు నన్ను ఇటుకల బట్టీలో వేస్తారట. వెయ్యనివ్వండి. నా నలుపులో ఎంత గులాబీ ఉందో తెలిసినావిడ ఒకరున్నారు.