సగం దించిన షట్టరు

ఇంకా నయం, మూతి నిండా నురగ ఉంది, బదులు చెప్పనక్కర్లేదు అనుకున్నాడు పత్రిక ఫొటోగ్రాఫరు, మెడకి తెల్లగుడ్డ బిగించి ఉంది, లేచిపోవడానికీ లేదు, కళ్ళెత్తితే అద్దం, అద్దం మూలన అంటించిన తన ఫొటో, అంటే తను తీసింది, మిల్లు మూతబడ్డాక ఊరెలా ఉందో చూపించమన్నప్పుడు తీసినవాటిలో మొదటి పేజీకెక్కింది ఇదే, సగం దించిన షట్టరు, కింద మెట్టు మీద తలొంచుకుని ఈ సెలూనతనే, చేతిలో దువ్వెన, దువ్వెన పళ్ళలో ఏదో ఇరుక్కుంది చూడు తమ్ముడూ అని తనంటే పాపం నిజంగానే వంగి చూశాడు, ఫొటోలో అదే దిగులైపోయింది, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుందని ఎడిటరు భుజం తట్టాడు, ఆ తట్టిన చోటే ఇప్పుడు దురద, గోక్కుందామంటే చేతులు గుడ్డ కింద.

పేపరు చూసి మా అత్త ఒకటే ఏడుపన్నా, అల్లుడి బొమ్మ పడిందని కాదు, కొట్టు మూసేశాడని, అంటూ కత్తికి బ్లేడు మారుస్తూ నవ్వుతున్నాడు, ఎలా నవ్వొస్తుందో, కనిపించిన ప్రతివాడూ మూసేశావటగా అంటున్నాడట, లేదు బాబూ తెరిచే ఉందంటే పేపర్లో పడ్డాక ఇంకేం తెరుస్తావులే అని సందు చివరి కొత్త సెలూనుకి పోతున్నారట, చివరికి కొట్టు ఓనరు కూడా ఎలాగూ ఖాళీ చేస్తాడుగా అని ఇంకెవరికో మాటిచ్చేశాడట, నెలాఖరుకి ఈ కుర్చీ ఎక్కడ వెయ్యాలో తెలీదట, నువ్వేం చేస్తావులే అన్నా, బొమ్మ మాత్రం బాగా పడింది, ఈసారి షట్టరు పైకెత్తి ఒకటి వెయ్యరాదూ, ఓనరుకి చూపించుకుంటా, వేస్తా అన్నట్టు తలాడించబోతే కదలకన్నా తెగుద్ది అన్నాడు, తెగితే బాగుండు, తెరిచి ఉన్న కొట్టు ఎవడికి వార్త, అయినా తను మాత్రం కావాలని చేశాడా, లోపలి ట్యూబులైటు ఎదురు కొడుతుంటే బొమ్మ పాడవుతుందని షట్టరు దించమన్నాడు, పనిలో అది మామూలే, ఎవడైనా అదే చేస్తాడు, ఇంట్లో ఆవిడకీ అదే చెప్పాడు.

ఠక్కున కరెంటు పోయింది, అద్దం నల్లబడింది, సెలూనతను తొణకలేదు, కుర్చీని గుమ్మం వైపు తిప్పి మళ్ళీ గొంతు మీద కత్తి ఆనించాడు, ఆ ఫొటో తీసిన రోజు కూడా ఇంతేగా అన్నా, నువ్వొచ్చేసరికి పొద్దుటినుంచీ కరెంటు లేదు, బెంచీ నిండా జనం, ఈ గుమ్మం వెలుతుర్లోనే కానిచ్చేశా అందరికీ, అన్నాడు మామూలుగా, బ్లేడు నెమ్మదిగా పైకి పాకుతోంది, అవును, బెంచీ నిండా జనం, ఎవరో ఏదో అంటే వీడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు, వాళ్ళందర్నీ కాస్త పక్కకి జరగండని తనే జరిపాడు, లోపల లైటే లేదు, ఎదురు కొట్టే వెలుతురే లేదు, నవ్వే మనిషి బొమ్మ మొదటి పేజీకెక్కదని తెలిసే తను ఆ షట్టరు దింపించాడు.