వదులు కీళ్ళు

మురుకుల గొట్టాన్ని గట్టిగా నొక్కేసరికి పద్మప్రియ కుడిచేతి బొటనవేలు కీలు తప్పింది. ఆమె అరవలేదు. ఎడమచేత్తో వేలిని పట్టి లాగి, చోటికి తెచ్చుకుని, మళ్ళీ నొక్కింది. మురుకు నూనెలో వంకరగా పడింది. పక్కనే పీట మీద కూర్చున్న అత్తగారు అది చూసి, "ఇంత పిండికే చెయ్యి పడిపాయనా? మేము పండగలకు డబ్బాలు డబ్బాలు వత్తినాం" అంది. పద్మప్రియ నవ్వి ఊరుకుంది.

మైదుకూరులో వాళ్ళది బట్టల అంగడి. పొద్దున ఇంటిపని, మధ్యాహ్నం అంగట్లో చీరలు విప్పి చూపించడం, వచ్చినవాళ్ళు కొనకుండా పోతే మళ్ళీ మడతలు పెట్టడం, సాయంత్రం మళ్ళీ పొయ్యి. భుజం జారినా, మోకాలు వెనక్కి వంగిపోయినా ఎవరి కంటా పడకుండా సర్దుకునేది. పోయిన వారం మణికట్టు వాచి చీర మడవడం చేతకాకపోతే, భర్త రాఘవేంద్రప్రసాద్ కడపకు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాడు. అక్కడ ఫిజియోథెరపీ చేసే శిల్ప అనే అమ్మాయి మణికట్టుతో ఆపలేదు. బొటనవేలిని ముంజేతికి ఆనించమంది. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు పెట్టమంది. అవన్నీ పద్మప్రియకు సులువుగా వచ్చాయి.

"మీ కీళ్ళు వంగాల్సినదాని కన్నా శానా ఎక్కువ వంగుతాండాయి అక్కా. కీళ్ళను పట్టి ఉంచేదే కొందరికి పుట్టుకతో వదులుగా ఉంటాది. నేను తేల్చి చెప్పలేను, కర్నూలులో కీళ్ళవాతం డాక్టరుకు చూపించుకోండి. ఇది ఒకే ఇంట్లోవాళ్ళకు వస్తాంటాది. మీ అమ్మకేమన్నా ఉండాదా?"

"లేదు" అంది పద్మప్రియ. ఆలోచించకుండానే అంది.

తిరుగుదారిలో రాఘవేంద్రప్రసాద్, "ఎక్స్‌రేలో ఏమీ లేదు గదా. దానికొక పేరు పెడితే నొప్పి తగ్గుతాదా? అంగడి ఇడిసిపెట్టి కర్నూలుకు యాడ తిరిగేది?" అన్నాడు. ఆమె సరేనంది. అతని మాట వినాలని కాదు. ఆ మాట తనకు అక్కరకొచ్చింది.

ఎందుకంటే అమ్మకు ఉంది. బనగానపల్లెలో అలివేలమ్మ చేతిలోంచి చెంబులు జారేవి, గిన్నెలు జారేవి. మధ్యాహ్నం మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని పడుకునేది. "మా ఇంటామె మహారాణి" అని నాన్న కేశవయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పద్మప్రియకు పదిహేనేళ్ళప్పుడు, బంధువులు విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా అమ్మ చేతిలోని పప్పుగిన్నె జారి నేలపాలైంది. "పని తప్పించుకునేదానికి మా అమ్మకు రోజుకొక సాకు కావల్ల" అంది పద్మప్రియ. అందరూ నవ్వారు. "నా బిడ్డ సరిగ్గా చెప్పింది" అని నాన్న మురిసిపోయాడు. అమ్మ ఆ మోకాళ్ళ మీదే కూర్చుని నేలంతా తుడిచింది. అప్పటికే పద్మప్రియ భుజం రెండుసార్లు జారింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తాను నాన్న వైపు మనిషి.

ఇప్పుడు డాక్టరు అవునంటే, అమ్మ ఇన్నేళ్ళూ నిజమే చెప్పినట్టు. ఆ నవ్వును ఎక్కడ దాచుకోవాలి? దానికన్నా నొప్పే నయమనిపించి నాలుగు రోజులు గడిపింది. ఐదోరోజు మురుకులు డబ్బాకెత్తి, చేతులు కడుక్కుని, పెరట్లోకి పోయి అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, నీకు చేతుల్లోంచి గిన్నెలు ఇప్పటికీ జారతాండాయా?"

అలివేలమ్మ గొంతు తగ్గించింది. "మీ నాయన ఈడనే ఉండాడు. ఇప్పుడదంతా ఎందుకు పాపా? అది నా సోమరితనం."

ఒకప్పుడు అమ్మ కాదు, కాదు అని ఏడ్చేది. ఎప్పుడు ఒప్పుకుందో!

"సోమరితనం కాదమ్మా. నాకూ కీళ్ళు జారతాండాయి."

"నీకా? ఎప్పటినుంచి?"

"చిన్నప్పటినుంచి."

"అయ్యో తల్లీ, ఆ నొప్పి నాకు తెల్దా? నాతో ఒక్క మాట చెప్పకపోతివే!"

"నిన్ను నవ్వినట్ల నన్నూ నవ్వుతారని చెప్పలేదమ్మా. ముందు నవ్వింది నేనే గదా."

అలివేలమ్మ మెల్లగా అడిగింది, "ఇప్పుడు నొప్పిగా ఉండాదా?"

పద్మప్రియ పొయ్యి దగ్గర నవ్వినట్టు నవ్వబోయింది. నవ్వు రాలేదు. "శానా ఉందమ్మా" అంది.

తప్పయిందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నలుగురి ముందు అన్నమాటకు, ఎవరూ లేని పెరట్లో గొణిగితే చాలదనిపించింది.

"గురువారం కర్నూలుకు డాక్టరు దగ్గరికి పోతాండా. నువ్వూ రావల్ల."

"మీ నాయన ఏమంటాడో..."

"ఫోను నాయనకియ్యి. ఆయనకు నేను చెప్తా."

కేశవయ్యతో ఆమె అరనిమిషం కూడా మాట్లాడలేదు. "అమ్మ అబద్ధం చెప్పలేదు నాయనా. చెప్పింది నేను. గురువారం అమ్మను కర్నూలు డాక్టరుకు చూపిస్తా" అంది. ఆయన బదులు కోసం ఆగకుండా పెట్టేసి, శిల్ప ఇచ్చిన కర్నూలు డాక్టరు నంబరుకు ఫోన్ చేసింది. పేషెంటు పేరేమిటని అడిగారు.

"ఇద్దరం" అంది పద్మప్రియ. "ముందు మా అమ్మ పేరు రాసుకోండి."